దవడ ఎముక విరిగినప్పుడు: వైరు కట్టించాలా, ప్లేటు వేయించాలా?

చిత్తూరులో పళ్ల డాక్టరుగా ఉన్న నా దగ్గరికి, మొగిలి ఘాట్‌లోనో పూతలపట్టు దారిలోనో బండి మీద నుంచి పడి ముఖానికి దెబ్బ తగిలినవారు తరచుగా వస్తుంటారు. దవడ ఎముకకు ఆపరేషన్ చేసేది నేను కాదు, ఆ పని ముఖ, దవడ శస్త్రచికిత్స నిపుణులది. నోరు చూసి, ఎక్స్‌రే తీయించి, ఎక్కడికి వెళ్లాలో చెప్పి పంపడం వరకే నా పని. అయినా రెండు మూడు చోట్ల చూపించుకున్న తర్వాత ఆ కుటుంబాలు ఫైళ్లు పట్టుకొని మళ్లీ నా దగ్గరికే వస్తాయి. "ఒకాయన వైరు కడితే చాలంటాడు, ఇంకొకాయన ప్లేటు వెయ్యాలంటాడు, మా మామేమో కట్టు కోసం పుత్తూరుకు పొమ్మంటాడు, మీరేమంటారు సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు సరిపోదు కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

వైరంటే పై పళ్లనూ కింది పళ్లనూ తీగలతో కలిపి కట్టడం, ప్లేటంటే విరిగిన ఎముక మీద లోహపు పట్టీ పెట్టి స్క్రూలతో బిగించడం. ముందుగా ఒక అపోహ తొలగాలి. ప్లేటు ఖరీదైనది కనుక గొప్ప వైద్యమని, వైరు చౌక కనుక లేనివాళ్ల వైద్యమని చాలామంది అనుకుంటారు. ఈ రెండింటి మధ్య ఎంపికను ధర కన్నా ముందు, ఎముక ఎక్కడ విరిగింది, ఎంత పక్కకు జరిగింది, విరిగిన మనిషి ఎవరు అనే మూడు విషయాలు నిర్ణయిస్తాయి.

ఎంచుకునే ముందు చూడవలసినవి

అన్నిటికన్నా మొదట చూడవలసింది పళ్లు కలిసే తీరు. మన పై పళ్లు, కింది పళ్లు ఒకదానిలో ఒకటి ఎలా కూర్చుంటాయో మనకు తెలియకుండానే మెదడుకు తెలుసు, వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తుంది. "పండ్లు కుదర్లేదు సార్, ఒక పక్కే తగుల్తా ఉంది" అని రోగి అన్నాడంటే, ఎక్స్‌రే తీయకముందే దవడ విరిగి ఉంటుందని నేను అనుమానిస్తాను. నాలుక కింద నల్లగా రక్తం గడ్డకట్టి ఉండడం, కింది పెదవి ఒక పక్క మొద్దుబారడం, రెండు పళ్ల మధ్య చిగురు చీలి మెట్టులాగా ఎత్తుపల్లాలు కనిపించడం కూడా అదే చెబుతాయి. వైద్యం ఏదైనా దాని గమ్యం ఒక్కటే, దెబ్బ తగలకముందు పళ్లు ఎలా కలిసేవో మళ్లీ అలాగే కలవాలి. ఎక్స్‌రేలో ఎముక ఎంత అందంగా అతికినా పళ్లు కలవకపోతే ఆ వైద్యం విఫలమైనట్టే.

రెండవది, విరిగిన చోటు. కింది దవడ గుర్రపు నాడా ఆకారంలో ఉండి రెండు చివర్లా చెవుల ముందర కీళ్లతో పుర్రెకు అతుక్కొని ఉంటుంది. అలాంటి ఎముక మీద ఒక చోట దెబ్బ పడితే, తరచుగా రెండు చోట్ల విరుగుతుంది. గడ్డం నేలకు తగిలేలా పడినవారికి గడ్డం మీద చిన్న గాయమే కనిపించవచ్చు, కానీ ఆ దెబ్బ ఎముక వెంట పాకి చెవి ముందరి కీలు కింద ఉండే సన్నని ఎముక భాగాన్ని విరగ్గొట్టి ఉండవచ్చు. గడ్డం గాయానికి కుట్లు వేసి పంపించగా, కీలు విరిగిన సంగతి నెల తర్వాత బయటపడిన పిల్లవాణ్ణి నేను చూశాను. అందుకే గడ్డానికి దెబ్బ తగిలిన ప్రతి ఒక్కరికీ దవడ మొత్తం ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించాలి. కీలు దగ్గర అనుమానం ఉన్నా, ముక్కలు ఎక్కువగా ఉన్నా సీటీ స్కాన్ కావాలి.

మూడవది, ముక్కలు పక్కకు జరిగాయా లేదా అన్నది. నమిలే కండరాలు చాలా బలమైనవి. విరుపు గీత వాటికి అనువుగా ఉంటే ఒక ముక్కను పైకి, మరొకదాన్ని కిందికి లాగేస్తాయి. గీత వాలు మరో వైపుకు ఉంటే అవే కండరాలు ముక్కలను దగ్గరకు నొక్కి ఉంచుతాయి. ఒకే చోట విరిగిన ఇద్దరికి వేర్వేరు వైద్యాలు చెప్పడానికి ఇదొక కారణం. పక్కింటివారికి ఏం చేశారో దాన్ని బట్టి మనకు చేయవలసింది తేల్చుకోకూడదు.

నాలుగవది, రోగి జీవితం. వయసు, షుగరు, బీడీ, మద్యం, మూర్ఛ, చేసే పని, ఆసుపత్రికి మళ్లీ మళ్లీ రాగలిగే వీలు, ఇంట్లో జావ కాచి ఇచ్చే మనిషి ఉన్నారా అన్నదీ లెక్కలోకి వస్తాయి. డాక్టర్లు ఇవన్నీ అడగకపోతే మనమే చెప్పాలి.

పుత్తూరు కట్టు

మన ప్రాంతంలో ఎముక విరిగిందనగానే పుత్తూరు గుర్తుకు రావడం సహజం. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం తరతరాలుగా వస్తున్నారు. ఆ నమ్మకాన్ని తేలికగా మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. కాని దవడ విషయంలో మాత్రం ఒక్కటి గట్టిగా చెప్పాలి. చేతికీ కాలికీ బయటి నుంచి బద్దలు పెట్టి ఎముకను కదలకుండా నిలపవచ్చు. దవడను బయటి నుంచి ఏ కట్టూ అలా నిలపలేదు, ఎందుకంటే అది ప్రతి మింగుడుకూ ప్రతి మాటకూ కదులుతుంది. పైగా దాన్ని సరైన స్థానంలో కూర్చోబెట్టే కొలబద్ద నోటి లోపల, పళ్లలో ఉంది. అదీగాక పళ్లున్న భాగంలో విరిగితే చిగురు చీలి, ఆ విరుపు నోటిలోకి తెరుచుకుంటుంది. అంటే ఉమ్ములోని క్రిములు నేరుగా ఎముకలోకి వెళతాయి. దానికి యాంటీబయాటిక్ కావాలి, నోరు శుభ్రంగా ఉండాలి. తల చుట్టూ గడ్డం కింద నుంచి కట్టే గుడ్డ కూడా ఆసుపత్రికి చేరేదాకా నొప్పి తగ్గించే ప్రథమ చికిత్స మాత్రమే. గడ్డానికి రెండు వైపులా విరిగినవారికి ఆ గుడ్డను బిగించి కట్టి వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది. మెడకు, వెన్నుకు దెబ్బ లేదని తెలిస్తే అలాంటివారిని ముందుకు వంగి కూర్చోనివ్వాలి.

ఏమీ కట్టకుండా గమనించడం

ఎముక చిట్లినా పక్కకు జరగకుండా, పళ్లు మునుపటిలాగే కలుస్తూ, నోరు తెరుస్తున్నప్పుడు విరిగిన చోట కదలిక లేకుండా ఉంటే, నాలుగు నుంచి ఆరు వారాలు మెత్తని ఆహారంతో, వారం వారం పరీక్షలతో సరిపెట్టవచ్చు. చెప్పినట్టు వినే రోగికే ఇది పనికివస్తుంది. రెండో వారంలో నొప్పి తగ్గిందని మురుకులు కొరికేవారికి ఇది వద్దు.

వైరు కట్టడం

పై పళ్లకూ కింది పళ్లకూ సన్నని లోహపు పట్టీలను (వీటిని ఆర్చ్ బార్లు అంటారు) పంటికొక వైరు చొప్పున బిగించి, పళ్లను మునుపటి తీరులో కలిపి, ఆ రెండు పట్టీలనూ వైర్లతోనో రబ్బర్లతోనో ఒకదానికొకటి కట్టేస్తారు. ఆర్చ్ బార్ల బదులు చిగుళ్ల పైన ఎముకలోకి నాలుగైదు స్క్రూలు దించి వాటికి వైరు చుట్టే పద్ధతీ ఉంది. పళ్లు సరిగా కలిసి నిలబడితే, వాటిని మోసే ఎముక కూడా సరిగానే నిలబడుతుందన్నది దీని సూత్రం. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. విరిగిన దవడకు పళ్లను బంగారు తీగతోనో నార దారంతోనో కట్టమని గ్రీకు వైద్యుడు హిప్పొక్రటీస్ పేరిట ఉన్న రచనలలోనే ఉంది.

దీనికున్న మంచి చాలా పెద్దది. కోత లేదు, ఎముక మీది పొరను లేపే పని లేదు, నరానికి కొత్తగా గాయం కాదు. చాలాసార్లు పూర్తి మత్తు లేకుండా, పళ్లు పీకేటప్పుడు ఇచ్చే సూదిమందుతోనే చేసేయవచ్చు. గుండె జబ్బు వల్ల మత్తు భరించలేనివారికి ఇది వరం. ముక్కలు ఎక్కువ జరగని విరుపులకు, చెవి ముందరి కీలు విరిగినా పళ్లు సులభంగా కలపగలిగిన సందర్భాలకు దీన్ని నిపుణులు ఈనాటికీ ఎంచుకుంటున్నారు.

అయితే ఆ తర్వాతి రోజులు కఠినంగా ఉంటాయి, దీన్ని దాచకుండా చెప్పాలి. పెద్దవారికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు నోరు మూసి ఉంటుంది. కీలు విరిగినప్పుడు మాత్రం రెండు వారాలకు మించకుండా విప్పి రబ్బర్ల మీదికి మారుస్తారు, ఎందుకంటే కీలును ఎక్కువ రోజులు కదపకుండా ఉంచితే అది బిగుసుకుపోతుంది. అన్నాళ్లూ తిండి అంతా ద్రవమే. రాగి జావ, పెసరకట్టు, మజ్జిగ, వడకట్టిన చారు, మిక్సీలో మెత్తగా చేసి పలుచన చేసిన అన్నం పప్పు, తినేవారికి మాంసం రసం, ఇవన్నీ స్ట్రాతోనో, దవడ పళ్ల వెనక సందులోంచి పొడవు ముక్కు సీసాతోనో తాగాలి. రోజుకు మూడు పూటలు చాలవు, ఆరేడు సార్లు ఇవ్వాలి. అయినా మనిషి కొన్ని కిలోలు తగ్గుతాడు. మాట ముద్దగా వస్తుంది. పళ్లు తోమడం కష్టమై చిగుళ్లు వాస్తాయి.

వాంతి వస్తే ప్రమాదం. వైరు కట్టించుకున్నవారి తలాపున చిన్న వైరు కట్టర్ ఎప్పుడూ ఉండాలి. ఏ వైర్లు కత్తిరించాలో ఇంట్లో ఇద్దరికైనా ఆసుపత్రి నుంచి బయలుదేరేముందే చూపించమని అడగాలి. ఇదే కారణం చేత మూర్ఛ ఉన్నవారికి, తాగుడు మానలేనివారికి, ఆస్తమా తీవ్రంగా ఉన్నవారికి, వాంతులయ్యే గర్భిణులకు వైరు మంచి ఎంపిక కాదు.

ప్లేటు వేయడం

పూర్తి మత్తులో, ఎక్కువగా నోటి లోపలి నుంచే చిగురుకూ పెదవికీ మధ్య కోసి, విరిగిన ముక్కలను కళ్లతో చూస్తూ కూర్చి, వాటి మీద టైటానియం ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. 1970 దశకంలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో షాంపీ అనే శస్త్రవైద్యుడు, నమిలేటప్పుడు దవడలో ఏ గీత వెంట ఎముక విడిపోవడానికి లాగుతుందో లెక్కగట్టి, ఆ గీతల మీద చిన్న ప్లేట్లు పెడితే చాలని చూపిన తర్వాత, బయటి నుంచి పెద్ద కోతలు పెట్టే అవసరం చాలా తగ్గింది. జ్ఞానదంతం దగ్గరి మూలలో విరిగితే ఒక్క చిన్న ప్లేటు సరిపోవచ్చు. గడ్డం దగ్గర దవడ మెలితిరిగే బలం ఉంటుంది కనుక రెండు ప్లేట్లు పెడతారు. ఎముక పొడిపొడిగా నలిగినా, ముసలితనంతో సన్నబడినా పొడవైన, మందమైన ప్లేటు కావాలి. దానికీ, కీలు విరుపుకూ చర్మం మీద కోత తప్పకపోవచ్చు.

ఇందులో కూడా ఆపరేషన్ మధ్యలో పళ్లను వైరుతో కలిపి కట్టి, ఆ స్థితిలోనే ప్లేటు బిగించి, చివరకు వైరు విప్పుతారు. కాబట్టి వైరు, ప్లేటు ఒకదానికొకటి శత్రువులు కావు. ప్లేటును ఒక మిల్లీమీటరు తప్పుగా బిగిస్తే ఆ తప్పు అలాగే స్థిరపడుతుంది. రబ్బర్లతో కట్టిన దవడలో చిన్న తేడా ఉంటే తర్వాత కొంతవరకు లాగి సర్దవచ్చు, ప్లేటు ఆ అవకాశం పెద్దగా ఇవ్వదు. అందుకే ప్లేటు విషయంలో దాని కంపెనీ పేరు కన్నా చేసే చెయ్యి ముఖ్యం అంటాను.

లాభమేమిటంటే, నోరు వెంటనే తెరుచుకుంటుంది. మాట్లాడవచ్చు, పళ్లు తోముకోవచ్చు, వాంతి వచ్చినా భయం లేదు, వారం పది రోజుల్లో ఉద్యోగానికి వెళ్లేవారున్నారు. కాని ఇక్కడే చాలామంది మోసపోతారు. ప్లేటు వేయించుకున్నా నాలుగు నుంచి ఆరు వారాలు మెత్తని తిండే తినాలి. ఇడ్లీ, మెత్తని సంగటి, పెరుగన్నం తినవచ్చు. చెరకు, పల్లీలు, మాంసం ముక్క కూడదు. ప్లేటు ఎముకను పట్టి ఉంచుతుందే తప్ప, అతకడానికి కావలసిన సమయాన్ని తగ్గించదు.

కష్టాలు ఇవి: పూర్తి మత్తు, ఆసుపత్రిలో కొన్ని రోజులు, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దగ్గర పని చేయడం వల్ల కొన్ని నెలలపాటు మొద్దుబారడం, బయటి కోత పెడితే మచ్చ, పెదవిని కదిలించే నరానికి దెబ్బ తగిలే అవకాశం. ప్లేటు చుట్టూ చీము పట్టి తీసేయవలసి రావడమూ కొందరిలో జరుగుతుంది. బీడీ, సిగరెట్టు మాననివారిలో, షుగరు అదుపులో లేనివారిలో ఇది ఎక్కువ. ఇబ్బంది లేకపోతే టైటానియం ప్లేటును జీవితాంతం ఉంచేస్తారు. తర్వాత ఎప్పుడైనా ఎంఆర్ఐ స్కాన్ అవసరమైతే సాధారణంగా అది అడ్డు కాదు, ప్లేటు ఉన్న సంగతి మాత్రం అక్కడివారికి ముందుగా చెప్పాలి.

| చూడవలసిన విషయం | వైరు | ప్లేటు |
|---|---|---|
| మత్తు | తరచుగా సూదిమందుతో సరిపోతుంది | పూర్తి మత్తు |
| నోరు మూసి ఉండే కాలం | 4 నుంచి 6 వారాలు (కీలుకు 2 వారాల లోపు) | ఉండదు, లేదా కొద్ది రోజులు రబ్బర్లు |
| తిండి | ద్రవం మాత్రమే | మెత్తనిది, 4 నుంచి 6 వారాలు |
| బాగా పక్కకు జరిగిన, నలిగిన విరుపులు | సరిపోకపోవచ్చు | అనువైనది |
| ముఖ్యమైన భయం | వాంతి, బరువు తగ్గడం, నోరు బిగుసుకోవడం | చీము, పెదవి మొద్దుబారడం |
| మళ్లీ రావలసిన పని | తరచుగా, విప్పించుకోవడానికి తప్పనిసరి | తక్కువ, కాని మానకూడదు |

ఎవరికి ఏది

రోజు కూలీకి వెళ్లేవారు, ఆటో నడిపేవారు, తరగతిలో మాట్లాడక తప్పని ఉపాధ్యాయులు, ముక్కలు జరిగిన విరుపు ఉంటే ప్లేటు వైపే మొగ్గడం మంచిదని నా అభిప్రాయం. ఆరు వారాల కూలి పోవడం కూడా ఖర్చేనని లెక్కించాలి.

పిల్లల సంగతి వేరు. వారి దవడలో ఇంకా బయటికి రాని పళ్ల మొగ్గలు వరుసగా ఉంటాయి, స్క్రూలు వాటిని పాడుచేయవచ్చు. ఎముక కూడా త్వరగా అతుకుతుంది. అందుకని అచ్చు తీసి చేసిన ప్లాస్టిక్ తొడుగును కింది పళ్ల మీద పెట్టి రెండు మూడు వారాలు కట్టడం తరచుగా సరిపోతుంది. కీలు విరిగిన పిల్లలకు ఎక్కువగా ఆపరేషన్ లేకుండానే, త్వరగా నోరు ఆడించే వ్యాయామాలతో వైద్యం చేస్తారు. ఇక్కడ తల్లిదండ్రులు చేసే పొరపాటు ఒకటి ఉంది. బిడ్డకు నొప్పి తగ్గగానే వ్యాయామాలు, పరీక్షలు మానేస్తారు. కీలు బిగుసుకుపోతే నోరు తెరుచుకోదు, ఆ వైపు దవడ ఎదగదు, ముఖం వంకరవుతుంది, అప్పుడు చేయవలసిన ఆపరేషన్ చాలా పెద్దది. బిడ్డ తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోగలుగుతున్నాడా అని ఇంట్లో తరచుగా చూడండి. దెబ్బ తగిలిన తర్వాత కొన్నేళ్లపాటు పరీక్షలకు తీసుకెళ్లండి.

పళ్లన్నీ ఊడిపోయిన పెద్దవారికి వైరు కట్టడానికి పళ్లే ఉండవు. ముక్కలు జరిగి ఉంటే, ఒంట్లో శక్తి ఉంటే మందమైన ప్లేటు వేస్తారు. ఆపరేషన్ తట్టుకోలేనివారికి వారి కట్టుడు పళ్ల సెట్టునే తొడుగులాగా వాడి కట్టే వీలుంది. విరిగినా సరే ఆ సెట్టును పారేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చెంప ఎముక, కంటి గూడు, పై దవడ విరిగినప్పుడు ఈ పోలిక వర్తించదు. చెంప అణగకుండా, చూసే వస్తువు రెండుగా కనిపించకుండా, నోరు బాగా తెరుచుకుంటూ ఉంటే చెంప ఎముకను అలాగే వదిలేయవచ్చు. లేకపోతే లేపి కూర్చోబెట్టి, అవసరమైతే ప్లేటు వేస్తారు. చూపులో తేడా వచ్చినా, ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం కారినా మాత్రం ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఎక్కడికి, ఎప్పటిలోగా

తలకు దెబ్బ, స్పృహ తప్పడం, వాంతులు ఉంటే దవడను మరచి ముందు తలను చూపించాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు పక్కపక్కనే ఉండడం ఇందుకు కలిసివచ్చే విషయం. చిత్తూరు వారికి వేలూరు సీఎంసీ గంట ప్రయాణం, అక్కడ దంత, నోటి శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. ఊపిరికి, రక్తస్రావానికి ఇబ్బంది లేనప్పుడు దవడ ఆపరేషన్ అర్ధరాత్రి జరగవలసినది కాదు, ఒకటి రెండు రోజులు ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది. అయితే రెండు వారాలు దాటితే ముక్కలు తప్పు స్థానంలో అతకడం మొదలవుతుంది.

ఖర్చు గురించి అడగడానికి మొహమాటపడవద్దు. ప్లేట్లు, స్క్రూల ధర ఆపరేషన్ ధరలో కలిసిందా, వేరుగా వేస్తారా అని ముందే అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ విరుపుకు ఆ ఆసుపత్రిలో వీలుందా అని వారి కౌంటరులోనే తెలుసుకోండి. రోడ్డు ప్రమాదమైతే, కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత పథకం ప్రకారం నిర్దేశిత ఆసుపత్రుల్లో ప్రమాదం నాటి నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స దొరుకుతుంది. దీనికి పోలీసు నమోదు కావాలి కనుక "మనలో మనకెందుకు" అని ప్రమాదాన్ని దాచి, మెట్ల మీద నుంచి పడ్డామని రాయించుకోవద్దు. ఆ ఒక్క మాట తర్వాత బీమా పరిహారానికీ అడ్డుపడుతుంది.

ఇక నిర్ణయించుకునే ముందు డాక్టరును ఈ మాటలు అడగండి: నా దవడ ఎన్ని చోట్ల విరిగింది, కీలు బాగుందా? విరిగిన గీతలో ఉన్న పన్నును ఉంచుతారా, తీస్తారా? కోత లోపలా, బయటా? వైరు కడితే ఏ తేదీన విప్పుతారు? ప్లేటు వేస్తే పళ్లు కలిసిన సంగతి మత్తులో ఉండగానే చూస్తారు కదా, ఇంటికి పంపేముందు మళ్లీ నాకు చూపిస్తారా? దెబ్బకు ముందు నవ్వుతూ తీసుకున్న ఫోటో, పళ్లు కనిపించేది, ఫోనులో ఉంటే దాన్ని కూడా చూపించండి. కొందరికి పుట్టుకతోనే పళ్లు వంకరగా కలుస్తాయి. ఆ సంగతి డాక్టరుకు తెలియకపోతే లేని తీరుకు తేవాలని ప్రయత్నించవచ్చు.

ఇప్పటికే నెలలు గడిచి, దవడ వంకరగా అతికి, పళ్లు కలవనివారికి కూడా దారి ఉంది. తేడా చిన్నదైతే పళ్లను అరగదీసి, లేదా క్లిప్పులు వేసి సర్దవచ్చు. పెద్దదైతే అతికిన ఎముకను కొలత ప్రకారం మళ్లీ కోసి, సరిచేసి ప్లేట్లు వేస్తారు. అలాంటివారు ముందు రెండు దవడల పళ్ల అచ్చులు తీయించి, ఆ అచ్చుల మీద ఎంత మేరకు జరపాలో డాక్టరు చేసి చూపించిన తర్వాతే ఆపరేషనుకు ఒప్పుకోవాలి.